పద్నాలుగో పుట సరైనదే

1986 నవంబరు మూడవ తేదీన ఆచార్య తెనింగ్ ఫాయ్ గారు డకార్‌లోని మా గణితశాస్త్ర విభాగంలో ఉపన్యాసకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఉప్పుటేరుల నడుమ పుట్టి పెరిగిన ఆ విదుషీమణి, ఉప్పునీరు పొలాల అడుగున ఎప్పుడు, ఎంతదూరం చొరబడుతుందో చెప్పే ఒకే ఒక పాక్షిక అవకలన సమీకరణానికి ముప్పైమూడేళ్ల సేవాకాలాన్ని ధారపోశారు. దానికి సాధన ఉన్నదని 1994లోనే నిరూపించారు. అది ఒక్కటేనని నిరూపించడం మిగిలిపోయింది. రెండు సాధనలుంటే రైతుకు ఏది చెప్పాలి?

వారిది సెరేర్ తెగ, నాది వరి పండించి అన్నమే తినే జోలా తెగ. మా రెండు తెగల వాళ్లు ఎదురుపడితే ఎకసక్కెమాడుకోవాలి, ఎవరూ కోపగించుకోరాదు. అది పెద్దలు పెట్టిన కట్టుబాటు. 2007లో వారు ఆ నిరూపణను సభలో చదివి ముగించగానే నేను లేచాను.

"అక్కా, పద్నాలుగో పుటలో చిల్లుంది. ఒడ్డు దగ్గర కూడా లెక్క సాఫీగానే నడుస్తుందని నీకెవరు చెప్పారు?"

"ఒరే బియ్యప్పురుగూ! కడుపునిండా అన్నం మెక్కి వచ్చావు, నీకు చిల్లులు కాక ఇంకేం కనిపిస్తాయిరా?"

సభంతా గొల్లుమంది. నేనూ నవ్వి కూర్చున్నాను. తర్వాత వారి గదికి వెళ్లి, "నిజంగానే అన్నాను" అని ఒక్క మాట చెప్పవలసింది; చెప్పలేదు. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను. వ్యాసం అచ్చయింది. ఏడాది తిరగకముందే ఆ చిల్లును వారే కనుగొని, విభాగాధ్యక్షుల ఎంపిక జరగవలసిన వారంలోనే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. వారికి దక్కవలసిన ఆ పదవి వేరొకరికి దక్కింది.

ఆనాటి నుండి వారికి కుదురు లేదు, వారిని చూస్తూ నాకూ లేదు. నన్ను బియ్యప్పురుగన్నవారే చేపల అన్నం ముందు పెట్టుకుని, అది చల్లారిపోతున్నా పట్టక, పరీక్షపత్రాల వెనుక గీస్తూ కూర్చునేవారు.

గత నెల కొత్త నిరూపణను నా బల్లమీద పడేశారు. ఒడ్డు దగ్గరి లెక్క ఈసారీ పద్నాలుగో పుటలోనే ఉంది. మూడు వారాలు వెతికాను. చిల్లు దొరకలేదు.

"సరిగ్గా ఉందక్కా" అన్నాను.

"జోలావాడు మెచ్చుకున్నాడంటే ఎక్కడో తప్పుండే ఉంటుంది" అని కాగితాలు లాక్కుని, మళ్లీ మొదటి పుట తెరిచారు.

ముఖాముఖి నా మాట చెల్లదు. ఈ అభినందన సంచికలో ఎకసక్కెం చెల్లదు. కనుక సహోద్యోగుల, వారి కుటుంబ సభ్యుల ఎదుట సంతకం చేసి రాస్తున్నాను: పద్నాలుగో పుట సరైనదే, సాధన ఒక్కటే. పదవీ విరమణ చేస్తున్న తెనింగ్ ఫాయ్ గారు ఇకనైనా వేడన్నం తిని, కంటినిండా నిద్రపోయి, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఇది ఎకసక్కెం కాదక్కా.

— అన్సుమానా బాజీ