సంకల్పంలో చెప్పిన చోటు

కూర్మన్నపాలెంలో ఒక మధ్యాహ్నం. ఆ సాయంత్రం ఊరంతా దీపాలార్పే డ్రిల్ ఉందని, స్టీల్‌ప్లాంటులో రిటైరైన శ్రీరామ్మూర్తి కిటికీలకు నల్ల కాగితం అంటిస్తున్నాడు. భార్య ధనలక్ష్మి మైదా జిగురు కలుపుతోంది. పురిటికి వచ్చిన కూతురు ఆశాజ్యోతి మంచం మీద కూర్చుని ఉంది. ఆమె భర్త మణికంఠ నేవీలో సెయిలర్; ఇప్పుడు ఓడ మీద సముద్రంలో ఉన్నాడు.

"అమాస సీకట్లోనే వత్తారు శత్రువులు. కావాలంటే సూడు, ధనం."

"మీకు ఫోన్ సేసి సెప్పేరేటి?"

"సెప్పాలేటే? బుర్రుంటే సాలు. ఇప్పుడు వేట నిషేధం. మన పడవలన్నీ ఒడ్డునే పడున్నాయి. సముద్రం మీద సూసే నాథుడు లేడు. నానే వాళ్ళయితే ఇప్పుడే వత్తాను, గంగవరం రేవు వైపు నుంచి."

"రండి, రండి. వచ్చేముందు ఓ మాట సెప్తే గ్లాసుడు బియ్యం ఎక్కువ పోత్తాను. ఆ కాగితం వంకరగా అంటించేరు."

"యుద్ధమప్పుడు వంకరేటే?"

"వంకర వంకరే. సందులోంచి ఎలుగు పోతంది."

"డెబ్బయ్యొకటి యుద్ధంలో మా అమ్మ లాంతరుకి గుడ్డ సుట్టి పడుకోబెట్టింది మమ్మల్ని. తెల్లారి సూత్తే మునిగిన సబ్‌మెరైన్‌వి ఒడ్డుకి ఏటేటో కొట్టుకొచ్చేయంట. లైఫ్‌ జాకెట్లంట, సెక్కలంట..."

"నాన్నా, ఆపు."

"అలగ కాదమ్మా, ఊసుకి సెప్పేను."

"ఊసుకి కూడా వద్దు. పొద్దున్నుంచీ వస్తారు, వస్తారు అంటున్నావు. వచ్చేవాళ్ళకి ముందు ఎదురుపడేది ఎవరు? ఆయనే కదా."

"మీకు బుద్ధి లేదు. ఎనిమిదో నెల పిల్ల ముందా ఈ కబుర్లు? నువ్వు బెంగెట్టుకోకు తల్లీ. మణికంఠకేటీ కాదు. నాను పూజ సేయిత్తన్నాను."

"ఏ పూజ?"

"ఏదో ఒకటిలే. ఆ గిన్నె ఇలా అందుకో."

"అమ్మా, ఏ పూజ?"

"ఓడ వర్జ్యంలో కదిలింది. నాను పంచాంగం సూసుకున్నాను. దానికి శాంతి సెయ్యాలంట."

"ఓడ ఎప్పుడు కదిలిందో నీకెలా తెలుసు? నేను చెప్పలేదే."

"నువ్వు సెప్పాలేటి? ఆవేళ తెల్లారకుండా లేచి, బాత్రూములో కుళాయి తిప్పేసి ఏడిత్తే తల్లికి తెలీదనుకున్నావా?"

"ఎవరితో చేయిస్తున్నావు?"

"మన పంతులుగారే. ఆయనకో వాట్సాప్ గ్రూపుంది కదా. అందులో పెట్టేరు, పేరు, గోత్రం..."

"ఇంకా?"

"ఓడ పేరు. బయల్దేరిన వేళ. వేళ తెలీకపోతే శాంతి దేనికి సేత్తారు?"

"నాన్నా, విన్నావా?"

"విన్నాను. ఏటే ధనం, గ్రూపులోకి ఎందుకెక్కించేవు? పంతులుగారితో సెప్పి తీయించెయ్యి. పోద్ది."

"తీసేస్తే పోతుందా నాన్నా? ఈపాటికి ఎంతమంది చూసుంటారు?"

"అందరూ మన వీధి ఆడోళ్ళే. ఆ తర్వాత గాజువాకోళ్ళు సేరేరు. సాయిదుర్గమ్మగారిది ఎక్కడో కాకినాడ పక్కంట."

"ఆవిడెవరు?"

"పాపం, మంచావిడ. ఆవిడ కొడుకూ అదే ఓడ మీదున్నాడు. గ్రూపులో నా నెంబరు సూసి ఫోన్ సేసింది. రోజూ పొద్దున్నే సేత్తది. ఎంత మర్యాదో! మాటకి ముందు అండి, మాటెనక అండి. ఆవిడ ఏడుత్తది, నాను ఏడుత్తాను."

"ఏడవడానికి జత కుదిరిందన్నమాట."

"మీరు ఊరుకోండి. మీకేటి తెలుసు తల్లుల బాధ?"

"ఆవిడ కొడుకు పేరేంటమ్మా?"

"వీరేంద్ర."

"ఆ ఓడ మీద వీరేంద్ర లేడు."

"నీకు తెలీదేమో. అంత పెద్ద ఓడ..."

"ఆ ఓడ మీదున్న తెలుగోళ్ళ ఇళ్ళన్నీ నాకు తెలుసు. నా సీమంతానికి వచ్చి గాజులు తొడిగిన వాళ్ళే. వీరేంద్ర అనేవాడు లేడు. ఆవిడ నిన్ను ఏమడిగింది?"

"ఏటీ అడగలేదు. పాపం."

"అమ్మా, గుర్తు తెచ్చుకో."

"తిన్నారా అని అడుగుద్ది. అమ్మాయి ఎలగుందని అడుగుద్ది. మరి... వాళ్ళూరి గుళ్ళో కూడా మణికంఠ పేరున సేయిత్తానంది. సంకల్పం సెప్పాలి కదండీ, అబ్బాయిలు ఏ దిక్కునున్నారో అంది."

"నువ్వేం చెప్పావు?"

"నాకేటి తెలుసు? సముద్రంలో ఉన్నాడన్నాను."

"అంతేనా?"

"మొదట్లో అంతే."

"తర్వాత?"

"మొన్న నీకు మణికంఠ ఫోనొచ్చింది కదా. ఒక్క నిమిషం. నువ్వు పరిగెత్తుకొచ్చేవు, అమ్మా, సిగ్నల్ దొరికిందంట అనుకుంటా..."

"అది నీకు చెప్పాను. నీకే చెప్పాను!"

"నవ్వేవు తల్లీ, ఎన్నాళ్ళకో. ఆ నవ్వు ఎవరికైనా సెప్పుకోవాలనిపించదేటి? అందుకే నిన్న ఆవిడ సేత్తే అన్నాను... దీవి పక్కన ఆగేరంట, లక్ష్మివారం దాకా అక్కడేనంట అని. సంకల్పానికి దేశం, కాలం సెప్పకపోతే పూజ ఎక్కడికెళ్తది?"

"దీవి పేరు?"

"జిగురు ఎండిపోతంది, ఉండు."

"అమ్మా, దీవి పేరు చెప్పావా?"

"రెండుసార్లు అడిగింది. నోరు తిరగలేదండీ అంది. రెండుసార్లూ సెప్పేను."

"నాన్నా, చొక్కా వేసుకో. నేవీ వాళ్ళ దగ్గరికి వెళ్దాం."

"ఆగమ్మా, నిదానంగా ఆలోసించు. అల్లుడు అక్కణ్ణుంచి ఫోన్ సెయ్యడమే తప్పు. మనమే ఎల్లి సెప్తే ఆడి ఉద్యోగం పోద్ది. మీ అమ్మని తీసుకెళ్ళి కూకోబెడతారు."

"ఉద్యోగం పోతే గాజువాకలో టిఫిన్ బండి పెట్టుకుంటాం. మనిషుండాలి కదా! వాళ్ళెప్పుడొస్తారని నువ్వు పొద్దున్నుంచీ లెక్కలేస్తున్నావు. మనవాళ్ళు ఎక్కడున్నారో, ఎప్పటిదాకా ఉంటారో వాళ్ళకి మనింట్లోంచే కబురెళ్ళింది నాన్నా."

"ఓలమ్మో... నిజంగా తల్లేనేమో ఆవిడ. ఆ ఏడుపు అబద్ధపు ఏడుపులా లేదు, ఆశా."

"కూకో ధనం. కూకో. మంచినీళ్ళు తాగు."

"నాకొద్దు. నానూ వత్తాను. నానే సెప్పేనని సెప్తాను. పిల్లోడి తప్పేటీ లేదు, నన్నే కూకోబెట్టుకోమనండి."

"వెళ్దాం. అంతకుముందు ఒక్క పని చెయ్యి. ఆవిడ ఫోన్ చేస్తే ఏమీ తెలియనట్టు మాట్లాడు. అక్కణ్ణుంచి అప్పుడే కదిలిపోయారంట అను. గొంతు వణకనివ్వకు. చెయ్యగలవా?"

"సేత్తాను. ఎందుకు సెయ్యను? కానీ ఇవాళ ఇంకా ఫోన్ రాలేదే."

"రోజూ పొద్దున్నే చేస్తుందన్నావు కదా! మధ్యాహ్నమైపోయింది."

"అదే. నిన్న దీవి పేరు సెప్పేక ఆవిడ ఏడవడం మానేసింది. మనసు కుదుటపడిందనుకున్నాను. ఫోన్ పెట్టేముందు నెమ్మదిగా అంది, 'ఇంక మీ అల్లుడిగారి పేరున పూజలు అక్కర్లేదండి' అని."