సముద్రానికి తొమ్మిది రోజులు

తొమ్మిది రోజులా అని అలా నోరెళ్ళబెడతారేంటండీ! ఏం, కొంప మునిగిపోతోందా? సముద్రం ఎక్కడికైనా పారిపోతుందా? నిదానంగా పోదామని మొదట్నించీ చెప్తూనే ఉన్నాను కదా. రేపు పొద్దున బయల్దేరుతున్నామనగా ఇవాళ మధ్యాహ్నం మొదలెట్టారు సణుగుడు.

ఆ స్టూలు మీదే కూచోండి, కదలకండి. సైకిల్ గొలుసుకి నూనె పెడుతున్నాను. ఆ సీసా మూత పట్టుకోండి. కింద పడేశారంటే మళ్ళీ వెతుక్కోలేరు. చేతికి కాస్త అంటుకుంటే అంటుకుందిలెండి, మీకెలాగూ కనబడదు.

అబ్బో, ఆ మాత్రం దానికే అంత ఉలిక్కిపడాలా?

సరే, ప్లాను ఇంకోసారి చదువుతాను, వినండి. కాయితం మీ చేతికే ఇద్దును గానీ ఏం లాభం. మొదటిరోజు మా అక్కావాళ్ళ ఊరు. అవును, పదహారు కిలోమీటర్లే. మీరైతే టిఫిన్ టైముకే దాటేసేవారు, తెలుసు. కానీ మా బావగారికి మీరంటే ఎంత ప్రేమ! తన మోకాలి ఆపరేషను కథంతా మళ్ళీ మొదట్నించీ చెప్తారు. పోయినసారి మీకు చూపుంది కాబట్టి పేపరు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. ఈసారి ఆ వీల్లేదు. బుద్ధిగా కూచుని వినాల్సిందే.

రెండోరోజు కాలవగట్టు. చెట్ల కింద దుప్పటి పరుచుకుని సాయంత్రందాకా కూచుందాం. నీళ్ళల్లో బాతులుంటాయట, నేను చూస్తాను. మీరు వినండి, అవి అరుస్తాయి కదా.

మూడోరోజు ఆ మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ ఊళ్ళో మకాం. ఏముందక్కడా అంటే ఏమీ లేదు. ఏమీ లేని ఊళ్ళో ఊరికే కూచోవాలని నాకెప్పట్నించో కోరిక. నాలుగోరోజూ అక్కడే. ఐదోరోజు ఆ ఎత్తు రోడ్డు, దిగి నెట్టుకుంటూ నడుద్దాం. ఆరూ ఏడూ ఎవరో ఒకరి ఇంట్లో, ఏదో ఒక లాడ్జిలో. ఎనిమిదోరోజుకి గాలిలో ఉప్పు వాసన తగులుతుందట. అక్కడ ఆగిపోతాం. ఇంకో నాలుగు కిలోమీటర్లే ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆగుతాం. నాకు కాళ్ళు నొప్పి పుట్టొచ్చు కదండీ. ఆడదాన్ని, అలవాటు లేనిదాన్ని.

ఏంటి? బస్సా? మళ్ళీ బస్సు మాటెత్తారూ?

బస్సులో మూడు గంటలే, ఎవరు కాదన్నారు? "బస్సులో వెళ్ళేవాళ్ళు సముద్రం చూసినట్టే కాదు, సైకిల్ మీద చెమటోడ్చి వెళ్ళాలి" అని పెళ్ళైన కొత్తలో పాఠం చెప్పింది ఎవరు, నేనా? ఇరవై రెండేళ్ళు వెళ్ళారు, ఏడాదికి రెండేసి సార్లు. ఈసారైనా తీసుకెళ్ళండీ అంటే, "నువ్వు మధ్యలోనే కూలబడతావు, నీకోసం నేను ఆగలేను" అన్నారు. నేను మీ సంచి సర్ది పంపించాను. తిరిగొచ్చాక మీ జేబుల్లోంచి ఇసక దులిపాను. సముద్రమంటే నాకు తెలిసింది అంతేనండీ, వాషింగ్ మెషీన్ అడుగున మిగిలే ఇసక.

డాక్టరు చెప్పింది నాకూ గుర్తుంది. పక్కన కూచున్నది నేనే కదా. కుడికన్ను అయిపోయింది, ఎడమకంట్లో ఉన్న కాస్తా వానాకాలం లోపే అని, పెన్నుకి మూత పెట్టుకుంటూ ఎంత తేలిగ్గా చెప్పేశాడో! టాక్సీలో ఇంటికొస్తూ మీరు నా చెయ్యి పట్టుకున్నారు. ఎన్నేళ్ళైందో మీరలా పట్టుకుని. "ఇది కూడా పోయేలోపు ఒక్కసారి సముద్రం చూపించవే" అన్నారు. డ్రాయింగు మాస్టారు కదా మరి, ముప్పై ఏళ్ళు బడిపిల్లల చేత నీలంరంగు పూయించిన చెయ్యి. ఒక్కసారి నీ మొహం సరిగ్గా చూసుకోనీ అంటారేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని. సరే, చూపిస్తానన్నాను. అన్నానా, లేదా? మాట తప్పానా? రేపే కదా ప్రయాణం.

జరగండి, వెనక చక్రం తిప్పాలి.

ఎంత మంచి సైకిలండీ ఇది! ఇద్దరు తొక్కే సైకిల్ ఈ వీధి మొత్తంలో మనకే ఉంది. "నీకోసమే కొన్నాను, తీరిక దొరికాక నేర్పిస్తా" అన్నారు. పద్నాలుగేళ్ళైంది, మీకు తీరిక దొరకలేదు. ఆఖరికి నేనే నేర్చుకున్నాను, అదీ ముందు సీటు మీద, యాభై నాలుగేళ్ళ వయసులో, వీధి వీధంతా కిటికీల్లోంచి తొంగిచూసి నవ్వుతుంటే. ఇప్పుడు హ్యాండిలు నాది, బ్రేకులు నావి. వెనక కూచున్నవాళ్ళకి తొక్కడం ఒక్కటే పని. ముందున్న మనిషి "గతుకు!" అని అరిస్తే సీటు మీంచి కాస్త లేవాలి, అంతే.

మీ నడుం ఎలా ఉందిప్పుడు? నిన్న ప్రాక్టీసులో మలుపు దగ్గర పెద్ద గతుకు వచ్చింది చూడండి, అది నాకు దూరం నుంచే కనబడింది. చూసి ఊరుకున్నాను. అరవడం మర్చిపోయానని మీరనుకున్నారు పాపం, "పర్లేదులే, అలవాటవుతుంది నీకు" అని ఓదార్చారు కూడా. నున్నటి రోడ్డు మీద మాత్రం నాలుగుసార్లు అరిచాను. నాలుగుసార్లూ మీరు లేచి గాల్లో నిలబడ్డారు. ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారు నవ్వాపుకోలేక లోపలికి పోయారు.

మీరూ నవ్వుతున్నారా? నవ్వండి, తమాషాకి చేశాననుకుంటున్నారు కదా.

అన్నట్టు, వెనక సీటు ఎత్తు మీకు సరిపోయిందా? దించక్కర్లేదు, ఎత్తక్కర్లేదు, నాకోసమే బిగించినట్టుంది అన్నారు మొన్న. సరిపోదూ మరి! మీ ఇద్దరివీ ఒకటే కొలత. చూడముచ్చటైన జంట.

ఎవరిద్దరా?

మూత జాగ్రత్త, చెప్తాను. పదకొండేళ్ళ కిందట, మీరు స్కూలుకెళ్ళాక షెడ్డు ఊడుస్తున్నాను. నాకోసం కొన్న సీటే కదా, ఒక్కసారి ఎక్కి చూద్దామనిపించింది. ఎక్కాను. కాళ్ళు పెడల్ దాకా అందలేదు, చిన్నపిల్ల కాళ్ళలా వేలాడాయి. మొదట నవ్వొచ్చింది, ఈయనకి పెళ్ళాం కొలత కూడా తెలీదు అనుకున్నాను. దిగి సీటు కింద కడ్డీ చూశాను. బిగించినచోట గుండ్రంగా గీత పడి ఉంది. ఒకటే గీత, లోతుగా. ఊరికే పడుండే సీటుకి అంత గీత పడదండీ. సంచులు కట్టుకుంటాను అనేవారు కదా వెనక సీటుకి? సంచులు అంత బరువుండవు.

నేను బట్టలు కుట్టేదాన్ని. టేపు నా మెడలోనే ఉంటుంది. సీటు నుంచి పెడల్ దాకా కొలిచాను, ముప్పై రెండు అంగుళాలు. నాది ఇరవై ఏడు. ఆ రోజు నుంచి షాపులోకి వచ్చిన ప్రతి ఆడమనిషి కాళ్ళ వంకా చూశాను. నాలుగు నెలలు. గంజి పెట్టిన గుడ్డలా నిటారుగా నిలబడి చూశానండీ, ఒక్కరితో ఒక్క మాట అనకుండా. చివరికి మీ స్కూలు ఆటల టీచరు వచ్చింది. పాంటు మడత విప్పి పొడుగు చెయ్యమంది. "నా కాళ్ళకి రెడీమేడ్‌వి ఏవీ చాలవక్కా" అని నవ్వింది. టేపు పెట్టాను. ముప్పై రెండు.

అక్కా అందండీ నన్ను! ఒళ్ళు మండిపోయింది. అయినా పాంటు బాగా కుట్టిచ్చాను. ఒక్క కుట్టు కూడా వంకర పోనివ్వలేదు.

నాకేం తెలీదనుకున్నారా ఇన్నేళ్ళూ? పప్పులో కాలేశారు. ఆవిడ బదిలీ అయిపోయి ఏడేళ్ళు, మీరు సముద్రం మానేసీ ఏడేళ్ళు. మోకాళ్ళ నొప్పులన్నారు. నేను ఆ మోకాళ్ళకి కాపడం కూడా పెట్టాను.

ఎందుకు అడగలేదా? అడిగితే ఏదో ఒకటి చెప్పేవారు. నేను నమ్మేసేదాన్ని. నాకు నమ్మడం ఇష్టం లేకపోయింది.

చెయ్యి వదలండి, నూనె చెయ్యి. ఇంకా అయిపోలేదు, అసలుది ఇప్పుడు చెప్తాను.

డాక్టరు చెప్పింది చలికాలంలో. ఇప్పుడు వానలు రాబోతున్నాయి. ఈ మధ్యలో ఏం జరిగిందని మీరెప్పుడూ ఆలోచించలేదా? రిపేరు షాపతను పది రోజుల్లోనే ఫోన్ చేశాడు, సైకిల్ రెడీ అమ్మా అని. మీకు టైరు దొరకలేదని చెప్పాను. తర్వాత గొలుసు దొరకలేదన్నాను. ఆ తర్వాత అతని కూతురి పెళ్ళి అన్నాను. అతనికి కూతురే లేదు. మీ తమ్ముడు ఒకరోజు కారు వేసుకుని వచ్చాడు, మీరు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. "వదినా, అన్నయ్యని సముద్రం దాకా తిప్పి తెచ్చేస్తాను" అన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాను. "మీ అన్నయ్యకి ఎవరైనా జాలిపడితే గిట్టదు, సైకిల్ మీదే వెళ్తానని పంతం పట్టారు" అని పంపించేశాను. మీతో ఏం చెప్పాను? మీ తమ్ముడికి తీరిక లేదట అన్నాను. ఆ పూట మీరు కంచం ముందు కూచుని మెతుకులు కెలికారు. నేను చూస్తూనే ఉన్నాను.

తొందరేముంది, నిదానంగా ప్లాను వేసుకుందాం అని ఎన్నిసార్లన్నానండీ! వారానికోసారి కాయితం మార్చి రాసి మీకు చదివి వినిపించాను. మూడు రోజుల ప్రయాణం ఐదైంది, ఐదు ఏడైంది. ప్రతిసారీ మీరు మొహం చాటంత చేసుకుని విన్నారు. ఏ రోజు ఎక్కడ టీ తాగుదామో కూడా అడిగారు. కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశారు. నేనేమో మీ కళ్ళనే చూస్తూ కూచున్నాను, ఎప్పుడు ఆరిపోతాయా అని.

పోయిన నెల దాకా కిటికీ ఎటుందో తెలిసేది మీకు. తలుపు దగ్గర మనిషి నిలబడితే నీడలా ఆనేది. మొన్న ఆదివారం పొద్దున మీ మొహానికి జానెడు దూరంలో నిలబడ్డాను. ఎండంతా నా మీదే పడుతోంది. నాలుక బయటపెట్టి వెక్కిరించాను. మీరు సరిగ్గా నా కళ్ళలోకే చూస్తూ, "ఎక్కడున్నావే? కాఫీ పెట్టావా?" అన్నారు.

లోపలికెళ్ళి కాఫీ పెట్టాను. అది మరిగేలోపు కాయితం మీద తేదీ వేసేశాను.

అదీ జరిగింది. ఇప్పుడు రానంటారా? వస్తారు. నేను లేకుండా వీధి చివరి దాకా పోలేరు మీరు. అక్కడికి వెళ్ళాక ఇసకలో కూచోబెట్టి, నేను మాత్రం నిలబడి చూస్తాను. ఎంతసేపు చూడాలనిపిస్తే అంతసేపు. ఏ రంగులో ఉందే అని అడుగుతారు మీరు, అడగకుండా ఉండలేరు. నేను చెప్పను.

మీతో ఇదంతా అనేస్తే కడుపు చల్లబడుతుందనుకున్నాను. లేదండీ. ఏమీ లేదు. నాలుగు నెలలు దీనికోసమే బతికాను, తీరా చూస్తే ఇంతే.

అయ్యో, ఏంటది? ఏడుస్తున్నారా? వద్దండీ, ఏడవకండి. కంటికి ఒత్తిడి అయితే ఉన్న చూపు కూడా పోతుందని డాక్టరు...

ఆఁ, ఇంకేముందిలెండి పోవడానికి. ఏడవండి. అయ్యాక చెప్పండి, చక్రాలకి గాలి కొట్టాలి.