‘ఎలా తేల్చుకున్నారు?’ అని అడిగిన మా పెద్ద మేడమ్ గారికి

1991 జూలై ఎనిమిదవ తేదీన మా ఆసుపత్రి మానసిక చికిత్సా విభాగంలో మనస్తత్వ నిపుణురాలిగా బాధ్యతలు స్వీకరించిన మా పెద్ద మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. చేరిన రోజునే, తమకు కేటాయించిన కుర్చీలో క్షణమైనా కూర్చోకుండా వార్డంతా చుట్టి వచ్చారని పాతవారు చెబుతారు. ఒక్కచోట కుదురుగా నిలవని ఆ స్వభావం చూసి మేము వారికి చాటుగా ‘తొందరమ్మ గారు’ అని పేరు పెట్టుకున్నాము. ఆ సంగతి వారికి ఏనాడో తెలుసునని నిన్ననే తెలిసింది.

లేని మాటలు వినిపించేవారికి, లేని కుట్రలు తోచేవారికి మందులిచ్చి, ‘అదంతా నీ భ్రమ’ అని నచ్చజెప్పడమే ఆ రోజుల్లో చికిత్సగా సాగేది. ఎంత నచ్చజెబితే వారు అంత బిగుసుకునేవారు. మేడమ్ గారు మందులను కాదనలేదు, వాదన మాత్రం మానేశారు. నమ్మకం నిజమా కాదా అన్నది పక్కనబెట్టి, ఆ నమ్మకానికి ఎలా వచ్చారో, ఎంత త్వరగా వచ్చారో రోగితోనే వెతికించే పద్ధతిని ఎన్నో పరిశోధనలు చదివి రూపొందించి, 2006లో గురువారపు బృందాన్ని ప్రారంభించారు. బొమ్మను ముక్కముక్కగా చూపిస్తూ, పూర్తిగా కనబడకముందే అదేమిటో తేల్చేయకుండా ఉండడం అందులో ఒక ఆట. తన ఆలోచనా తీరును తానే పరీక్షించుకునే దీనిని మేము ‘అధిసంజ్ఞాన చికిత్స’ అని బరువుగా అంటాము. వారు ‘ఎలా తేల్చుకున్నారు?’ అని తేలికగా అడిగేవారు. పిల్లలాటలకు గది ఎందుకని పై అధికారులు పెదవి విరిస్తే, వరండాలోనే నడిపారు.

ఆ వరండాకు ఒక దర్జీ వచ్చాడు. అక్కగారు అన్నంలో విషం కలుపుతోందని అతనికి ఒక గొంతు చెబుతూ ఉండేది. ఆమె ముందుగా తిని చూపించినా ముట్టేవాడు కాదు. బిస్కెట్లతో కడుపు నింపుకుంటూ చిక్కి సగమయ్యాడు. “వాడు నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదమ్మా, తింటే చాలు,” అన్నారు ఆమె మేడమ్ గారితో. కలపలేదని మేడమ్ గారు ఒక్కసారైనా చెప్పలేదు. కలిపిందని ఎలా తేలిందని అడిగారు. వడ్డిస్తూ ముఖం తిప్పుకుందని అతను బదులిచ్చాడు. ముఖం ఇంకెందుకు తిప్పుకుంటారని బృందమంతా ఆలోచించింది. ఏడుపు ఆపుకోవడానికి కావచ్చని ఒకరన్నారు.

మరుసటి గురువారం దర్జీ రాలేదు. ఏదో అఘాయిత్యం చేసుకున్నాడని మేడమ్ గారు క్షణంలో తేల్చేసి, బృందాన్ని నాకు అప్పగించి, మండుటెండలో దుకాణానికి పరుగెత్తారు. సగం దించిన షట్టరు చూడగానే వంగి లోపలికి దూరారట. లోపల, కుట్టుమిషను బల్ల మీద క్యారేజీ విప్పుకుని అక్కాతమ్ముళ్ళు భోజనం చేస్తున్నారు.

“గొంతు ఇంకా వద్దంటోందమ్మా. అయినా చూద్దామని తింటున్నా,” అన్నాడు దర్జీ. ఎందుకు వచ్చారని అడిగితే మేడమ్ గారు ఉన్నదున్నట్టు చెప్పేశారు. అతను ముద్ద చేతిలో పట్టుకుని, “ఎలా తేల్చుకున్నారమ్మా?” అన్నాడు.

నాటి నుండి మా బృందం ప్రతిసారీ నిర్వాహకుల తొందరపాటు కథతోనే మొదలవుతోంది. మా చికిత్సా పద్ధతిలో అసలైన ఎదుగుదల అదేనని నా అభిప్రాయం.

మేడమ్ గారు వెళ్ళిపోతున్నారని తెలిసినప్పటి నుండి దర్జీ మళ్ళీ కంచం ముందు తటపటాయిస్తున్నాడు. అక్కగారు కంగారుగా వచ్చి, అప్పుడప్పుడైనా వచ్చి కనబడి వెళ్ళమని బతిమాలారు.

“నేనున్నానని తింటుంటే నా మాట కూడా అతనికి ఇంకో గొంతే అయినట్టమ్మా,” అన్నారు మేడమ్ గారు. అలా అన్నవారే, అక్కగారు గేటు దాటేవరకు వరండాలో నిలబడి చూశారు. నాకూ భయంగానే ఉంది. వచ్చే గురువారం నుండి ఆ బృందం నాది.

మేడమ్ గారూ, ఇకనైనా తమరు వేళకు భుజించి, కంటినిండా నిద్రించి, మనుమల అల్లరి నడుమ, నొప్పి ఎరుగని మోకాళ్ళతో నిండు నూరేళ్ళు జీవించాలని మా అందరి ఆకాంక్ష. దర్జీ తిన్నదీ తిననిదీ తమకు చెప్పవద్దని ఆజ్ఞాపించారు. తమరి మాటను నేనెన్నడూ జవదాటలేదు. ఈ ఒక్కటి మాత్రం దాటుతాను. తిన్నా, తినకపోయినా, గురువారం సాయంత్రం ఫోను చేస్తాను. ఎత్తండి.