మొదటి పేజీలో మనూరి బస్సు

యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. ఎన్నికల రోజు. రెండేళ్ళ కింద చూపు పోయిన డెరిక్, అతనికి రోజూ పొద్దున్నే పేపరు చదివి వినిపించే భార్య మోరీన్ ఓటేసి వచ్చి, చర్చి హాలు బయట బెంచీ మీద కూర్చున్నారు.

“అయితే ఎవరికేశావో చెప్పవన్నమాట.”

“చెప్పను. రహస్య ఓటు.”

“యాభై ఏళ్ళు కాపురం చేశాక నా దగ్గర రహస్యమేంటి?”

“అందుకే. ఇదొక్కటైనా ఉండనీ.”

“నీ బదులు నేను గుర్తు పెడతానంటే అందరి ముందూ వద్దన్నావు. నా తల కొట్టేసినట్టయింది, డెరిక్.”

“లోపల ఓట్లేయించే అమ్మాయి ఓటు కాగితం మీద పెట్టే ప్లాస్టిక్ పలక ఇచ్చింది కదా. తడిమితే అంకెలు తెలుస్తున్నాయి. పేర్లు తను చదివింది, ఇంటూ గుర్తు నేనే పెట్టాను.”

“గడి దాటిందేమో.”

“దాటలేదు.”

“ఎవరికేసుంటావులే. నలభై ఏళ్ళుగా నీ పేపరు ఎవరికి వెయ్యమంటే వాళ్ళకేగా.”

“ఈసారీ అంతే. పేపరు చెప్పినట్టే వేశాను.”

“ఏ... ఏం చెప్పింది?”

“చదివింది నువ్వు. నన్నడుగుతావేంటి?”

“బోలెడు చదువుతాను. అన్నీ గుర్తుంటాయా?”

“మోరీన్, అది లండన్ పేపరు.”

“అయితే?”

“లండన్ పేపరు ఆరు వారాలుగా మనూరి ఇరవై మూడో నంబరు బస్సు ఆపేశారని మొదటి పేజీలో వేస్తోంది.”

“పెద్ద వార్తే కదా.”

“నిన్న యుద్ధం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి మళ్ళీ బస్సు దగ్గరికొచ్చింది.”

“యుద్ధంలో కొత్తగా ఏం లేదు.”

“పోటీ చేస్తున్న ఆ పంతులమ్మ గెలిస్తే బస్సు మళ్ళీ వేయిస్తుందని సంపాదకీయం కూడా రాసింది. నా పేపరు! ఆవిడ పార్టీ పేరెత్తితేనే దానికి ఒళ్ళు మంట.”

“మనసు మార్చుకుందేమో.”

“మోరీన్.”

“సరే. కల్పించాను. చాలా?”

“నోటితో చెప్పొచ్చుగా?”

“ఎప్పుడు విన్నావు? బస్సు ఆపేస్తారట అని చలికాలంలోనే చెప్పాను. పేపర్లో రాలేదే అన్నావు. అందుకే పేపర్లో వేయించాను.”

“బాగానే రాశావులే. ఒక్క మొన్న మంగళవారం తప్ప.”

“మంగళవారం ఏం రాశాను?”

“ఒకావిడ సంగతి. డెబ్బై మూడేళ్ళు. మోకాళ్ళు వంగవు. మొగుడి కంటి చుక్కల కోసం బస్సు లేక మూడు మైళ్ళు నడిచి వెళ్తోంది, మూడు మైళ్ళు నడిచొస్తోంది. చదువుతూ చదువుతూ ఆగిపోయావు.”

“కళ్ళజోడు జారింది.”

“కళ్ళజోడు జారితే ఎవరూ ముక్కు చీదరు.”

“ఎవరో పాపం. పేరు వెయ్యలేదు.”

“పక్కింటివాళ్ళ కార్లో వెళ్ళొస్తున్నానని మొగుడితో ఎందుకు చెప్పిందావిడ?”

“నిజం చెబితే మందు మానేస్తాడు. మొండోడు.”

“మానేసేవాడే.”

“అదే మరి.”

“అందుకే ఆ పంతులమ్మకేశాను. నలభై ఏళ్ళలో మొదటిసారి. అంకె రెండుసార్లు తడిమి మరీ వేశాను... ఏంటి, ఏడుస్తున్నావా? జనం చూస్తారు.”

“ఏడవట్లేదు. ఆరు వారాలు నిన్ను మోసం చేశానే అని మనసు పీకి, నేను నీ పార్టీకేశాను.”