నాలుగో ఓటు

మధ్యాహ్నం మూడు గంటలు. ఒక ఆఫీసు మూడో అంతస్తులో అద్దాల గది. వదిన తన చేతికర్రను గోడకి ఆనించి కూర్చుంది. మరిది కంప్యూటరు ముందు ఉన్నాడు.

"ఆ టకటకలు ఆపు ముందు. నేను మాట్లాడుతుంటే టైపు చెయ్యకు."

"పనుంది వదినా. ప్రకటన పన్నెండింటికి బయటికెళ్ళింది. మూడు గంటల్లో నాలుగొందల ప్రశ్నలు. రాసిందంతా మళ్ళీ రాయాలా అని ఒకడు, ఇన్నేళ్ళు ఊరికే చాకిరీ చేయించుకుని వీధిన పడేశారని ఇంకొకడు. జవాబు చెప్పేది నేనొక్కణ్ణే."

"వాళ్ళ సంగతి తర్వాత. రెండు బస్సులు మారి వచ్చాను."

"ఫోన్ చేస్తే సరిపోయేది కదండీ. మీరెందుకు శ్రమపడి..."

"మీరా? పన్నెండేళ్ళలో లేంది, ఇవాళ కొత్తగా 'మీరు' ఏంటయ్యా? పన్నెండింటినించి తొమ్మిదిసార్లు చేశాను. ఎత్తావా?"

"మీటింగులో ఉన్నాను."

"తొమ్మిదిసార్లూ?"

"తొమ్మిదిసార్లూ."

"సరే. మన పందిరిని తీసుకెళ్ళి కోటలో కలిపేశారు. అంతేనా?"

"కలిపెయ్యడం కాదు, రెండూ కలిశాయి. రెండూ వెబ్ పేజీలు కట్టుకునే ఫ్రేమ్‌వర్కులే, రెండూ ఊరికే ఇచ్చేవే. కోట వెనక మూడొందల మంది ఉన్నారు. పందిరికి మనం ఏడుగురం. ఒకే పని రెండు చోట్ల ఎందుకని..."

"ప్రకటన నాకు అప్పజెప్పకు, విన్నాను. ఆర్నెల్ల తర్వాత పందిరికి మరమ్మతులుండవు, అందరూ కోటకి మారాలి. మరి నా భాగం?"

"ఏ భాగం?"

"ఏ భాగమా! తెర మీదున్నది పైకి చదివి వినిపించే భాగం. నా కళ్ళు పోయాక, మీ అన్నయ్య ఒక్కో లైనూ చదివి వినిపిస్తుంటే రెండేళ్ళు కూర్చుని రాశాను. నీకు కోడు రాయడం నేర్పింది కూడా ఆ బల్ల దగ్గరే. అది కోటలోకి వస్తుందా, రాదా?"

"తర్వాత కలుపుతామన్నారు."

"తర్వాత అంటే?"

"తర్వాతంటే... తర్వాత."

"వెనక్కి తీసుకోడం కుదరదా?"

"కుదరదు. సంతకాలైపోయాయి. పందిరి మొత్తం వాళ్ళ చేతికిచ్చేశాం."

"మా ఫిర్యాదుల ఆఫీసులో ఎనిమిది మందిమి. ఎనిమిది మందికీ చూపు లేదు. నీళ్ళు రాలేదనో కరెంటు పోయిందనో ఎవరైనా ఫోన్ చేస్తే, పందిరితో కట్టిన పేజీ మాకు చదివి వినిపిస్తుంది కాబట్టి పని జరుగుతోంది. మా ఆఫీసరు ఒంటిగంటకి పిలిచాడు. 'ఆర్నెల్లు చూద్దామమ్మా, కుదరకపోతే చూపున్నవాళ్ళని పెట్టుకుంటాం' అన్నాడు. మా ఎనిమిది మందిలో పెద్దాయన ఏడుస్తాడనుకున్నా. నవ్వాడు. ఆ నవ్వు వినలేక లేచొచ్చేశాను."

"మీ కష్టం నాకు తెలీక కాదు."

"తెలిస్తే చెప్పు. కోటలో కలపడానికి మన ఏడుగురిలో నలుగురు సరే అన్నారు, ముగ్గురు వద్దన్నారు. అంతే కదా ఓట్లు?"

"అంతే."

"నేను వద్దన్నాను. మాస్టారు వద్దన్నానని ఒట్టేసి చెప్పారు. బొమ్మలేసే అమ్మాయీ వద్దంది. నువ్వు నా చేతిలో చెయ్యేసి మరీ వద్దంటానన్నావు. నాలుగు వద్దులు మూడెలా అయ్యాయి?"

"నన్నడుగుతున్నారా?"

"నిన్నే. లెక్కపెట్టింది నువ్వు. ఎవరు ఏది వేశారో కనబడేది నీకొక్కడికే."

"అందుకే అంటున్నా. ఏమీ తెలీనట్టు నన్నెందుకు అడుగుతారు?"

"ఏంటా గొంతు? తప్పు నీది, కోపం నా మీదా? కోటవాళ్ళు ఉద్యోగమిస్తామన్నారా? చెప్పెయ్. తిట్టను. ఇల్లు గడవాలి, అర్థం చేసుకోగలను. కానీ నా మొహం మీదే చెప్పు."

"నేను వద్దనే వేశాను."

"అబద్ధం."

"అన్నయ్య మీద ఒట్టు."

"ఆయన్ని మధ్యలోకి లాగకు! అయితే ఎవరు, మాస్టారా? ఆ పిల్లా?"

"వాళ్ళెవరూ అబద్ధమాడలేదు. చాలు వదినా. నటించకండి."

"నటించడమా? నేనా?"

"పోనీలెండి. వదిలెయ్యండి."

"వదలను. ఏం నటించానయ్యా? మొన్న పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందే లేచి, అందరికన్నా ముందు ఓటేశాను. ఒకటికి రెండుసార్లు విని మరీ నొక్కాను."

"ఏం విన్నావు?"

"వినడానికేముంది ఆ దిక్కుమాలిన పేజీలో! 'బటన్' అంది. ముందుకెళ్తే మళ్ళీ 'బటన్' అంది. పేర్లు చదవదుగా. నువ్వు పంపిన ఉత్తరంలో ఉందిగా, ముందు 'సరే', దాని పక్కన 'వద్దు' అని. రెండోది నొక్కాను."

"ఆ పేజీ... ఉండు. ఆ పేజీ కోటవాళ్ళు కట్టి పంపారు."

"ఎవరు కడితే ఏంటి, నేను రెండోది... మళ్ళీ ఆ టకటకలేంటి?"

"లోపల వరస చూస్తున్నా. ఒక్క నిమిషం. తెర మీద ఎడమవైపు సరే, కుడివైపు వద్దు. బాగానే ఉంది. కోడ్‌లో..."

"కోడ్‌లో?"

"వదినా, నువ్వు కాస్త కూర్చో."

"కూర్చునే ఉన్నాను. చెప్పు."

"కోడ్‌లో వద్దు ముందుంది. సరే తర్వాతుంది. చూసేవాళ్ళకి అటుదిటు, ఇటుదటు మార్చి చూపించారు. వినేవాళ్ళకి మాత్రం కోడ్‌లో ఉన్న వరసే..."

"ఆ నాలుగో ఓటు ఎవరిదయ్యా?"

"నీదే వదినా. నీ పేరు చూసి, మాకు చెప్పకుండా మనసు మార్చుకున్నావనుకున్నాను. ఆ కోపంలో నా చేత్తోనే ప్రకటన పంపేశాను. నిన్ను ఒక్క మాట... ఒక్క మాట అడగలేదు."