గిన్నె అడుగున పేరు

అమెరికాలోని సియెరా కొండల్లో తొలి రైలుదారి వేసిన చైనా కూలీల గుడిసె ఒకటి నూటయాభై ఏళ్ళ కిందట మంచుచరియ కింద కూలిపోయింది. ఇప్పుడు అక్కడ తవ్వకాలు జరుపుతున్న అమ్మాయికి ఎముకల పక్కన అన్నం గిన్నె దొరికింది. తన ముత్తాత జాడ కోసం వచ్చిన ముసలాయన, ఆమె తాత, గిన్నె మీదికి వంగాడు.

"అడుగున పేరు చెక్కుకున్నాడు తాతయ్యా."

"మన ఇంటిపేరేనా, మోయ్ అని? నా కళ్ళు ఆనడం లేదే."

"కాదు. చిన్ అని ఉంది."

"మళ్ళీ చూడు తల్లీ."

"చూశాను. మనవాడు కాదు."

ముసలాయన రాతిమీద కూలబడ్డాడు.

"మా నాన్న పోతూ కూడా ఆయన్నే తలుచుకున్నాడు. ఊళ్ళో ఆయన ఎముకల కోసం కట్టిన సమాధి ఇంకా ఖాళీగానే ఉంది."

"వచ్చే వేసవికి ఇంకో గుడిసె తవ్వుతాం."

"అప్పటిదాకా నేనుండొద్దూ? సరే, ఈ చిన్ కోసం ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"అయితే ఆ అగరొత్తులు ఇటియ్యి. ఇతనికే వెలిగిస్తా."

"మీ ముత్తాతకని తెచ్చావు కదా?"

"ఆయన పడున్న చోటికి ఏ చిన్‌ల ముసలాడో వస్తాడేమోలే."