సగం వాడిన సీసా

అలంకరణ సామాన్లు అమ్మే దుకాణం. మేకప్ బ్రష్షులు కడిగే మందుల అర ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకరు పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేసే వదిన. రెండో ఆమె, పదేళ్ళుగా ఆ వదిన దగ్గరే పని చేస్తున్న మరదలు. బల్ల వెనక దుకాణదారు.

"అది కాదే, దాని పక్కది. నీలం మూతది."

"ఏదైనా ఒకటే వదినా. తీసుకుని వెళ్ళిపోదాం పద."

"ఒకటే ఎలా అవుతుంది? రేపు పదింటికి వాళ్ళొచ్చి అర తెరిచి మరీ చూస్తారు. ఏమండీ, మేకప్ బ్రష్షులు కడగడానికి ఏది మంచిది?"

"అసలు వెంట్రుకలవా మేడమ్, నైలాన్‌వా?"

"రెండూ ఉన్నాయి."

"వెంట్రుకల వాటికైతే ఈ షాంపూ. పసిపిల్లల షాంపూలాగే మెత్తగా ఉంటుంది. నైలాన్ వాటికి ఈ స్పిరిట్ స్ప్రే. ఒకరికి వేశాక ఇంకొకరికి వేసేముందు కొట్టి, తుడిచి, ఆరనివ్వాలి. పనంతా అయ్యాక ఎలాగూ షాంపూతో కడగాల్సిందే. కుచ్చు కిందికి ఉంచి కడగండి. నీళ్ళు పిడిలోకి వెళ్తే జిగురు ఊడిపోతుంది."

"మాకు తెలుసులెండి. ఇరవై ఏళ్ళనుంచి ఇదే పని."

"తెలిసినవాళ్ళకి చెప్పేదేముంది మేడమ్. ఈ సబ్బు బిళ్ళ కూడా చూడండి, డబ్బాలోనే గరుకు రబ్బరు ఉంటుంది..."

"సబ్బు వద్దు. సబ్బైతే కొత్తదని ఇట్టే తెలిసిపోతుంది."

"ఏంటి మేడమ్?"

"ఏం లేదు. ఈ షాంపూ మీద తేదీ ఎప్పటిది?"

"పోయిన నెలది. తాజా సరుకు."

"పాతది లేదా?"

"పాతదా?"

"ఆర్నెల్ల కిందటిదో, ఏడాది కిందటిదో."

"అందరూ కొత్త తేదీ కోసం అర చివరిదాకా చెయ్యి పెట్టి వెతుకుతారు. పాతది కావాలని అడిగిన మొదటి మనిషి మీరే."

"అంటే... కొంచెం పాతదైతే ఘాటు తగ్గుతుందని."

"షాంపూకి ఘాటేంటి మేడమ్?"

"ఉందా లేదా చెప్పండి బాబూ."

"లోపల చూసొస్తాను. ఉండండి."

దుకాణదారు లోపలికి వెళ్ళాడు.

"ఘాటు తగ్గుతుందా వదినా?"

"నోరు మూసుకో. రేపు వచ్చేవాళ్ళు నీ బాబాయిలు కారు, ఆరోగ్యశాఖ వాళ్ళు. ఆ పెళ్ళికూతురి తల్లి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. బ్రష్షులు దేంతో కడుగుతారో చూపించమంటారు. మెరిసిపోయే సీసా చేతిలో పెడితే నిన్న కొన్నారనుకోరూ?"

"నిన్న కాదుగా. ఇవాళ కొంటున్నాం."

"అందుకే, ఇంటికెళ్ళగానే సగం పారబోసెయ్. మూత చుట్టూ కాస్త పౌడరు రాయి. లేబుల్ తడిపి గోటితో గీకు. వాడినట్టుండాలి."

"పోనీలే, సింకైనా శుభ్రపడుతుంది."

"వెటకారాలొద్దు."

"ఆ అమ్మాయికి ఎలా ఉందని ఒక్కసారైనా అడగవా?"

"ఏ అమ్మాయి?"

"ఏ అమ్మాయేంటి వదినా! పెళ్ళికూతురు."

"తగ్గుతుందిలే. కళ్ళకలకేగా. వారం పది రోజులు..."

"పన్నెండు రోజులైంది. కళ్ళకలక కాదు. నల్లగుడ్డు మీద పుండు. ఎడమ కంటి ముందు వేళ్ళు పెడితే ఎన్నో చెప్పలేకపోతోంది."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పారులే."

"చెప్పారులే అంటే? ఎవరే?"

"ఆ రోజు వాళ్ళ పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయని నీకు చెప్పానా లేదా?"

"పెళ్ళి హడావిడి. నిద్ర లేదేమో అనుకున్నాను."

"పుసి కట్టి ఉందని కూడా చెప్పాను. ఆవిడకి వెయ్యొద్దన్నాను."

"పదిమంది చుట్టాల ముందు, మీ కళ్ళు బాగాలేవు, లేచి వెళ్ళండి అనమంటావా?"

"ఆవిడ కంటికి పెట్టిన బ్రష్షే తువ్వాలుకి తుడిచి పెళ్ళికూతురి కంటికి పెట్టావు."

"ఎనిమిది మొహాలే! రెండు గంటల్లో ఎనిమిది మొహాలు! ఆ గదిలో కుళాయి తిప్పితే చుక్క నీళ్ళు లేవు. బయటినుంచి తలుపు బాదుతున్నారు. అప్పుడు నువ్వేం చేశావు? పక్కన నిలబడి చూశావు."

"అవును. చూశాను."

"మరి!"

"అదే నేనూ అంటున్నాను. చూస్తూ నిలబడ్డాను."

దుకాణదారు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"పాత తేదీది ఒక్కటీ లేదు మేడమ్. అన్నీ కొత్తవే."

"ఆ బల్ల మీద మూత తీసి ఉందే, అదేంటి?"

"అది శాంపిల్. వచ్చినవాళ్ళకి వేసి చూపిస్తాం. సగం అయిపోయింది."

"అదివ్వండి."

"శాంపిల్ అమ్మం మేడమ్."

"కొత్తదాని ధరే ఇస్తాను. ఆ కొత్తది తెరిచి మీ బల్ల మీద పెట్టుకోండి. మీకు పోయేదేముంది?"

"పోయేదేం లేదు కానీ... లేబుల్ కూడా చిరిగిపోయింది."

"చిరిగిందే కావాలి."

"మీ ఇష్టం. బిల్లు రాస్తాను."

"బిల్లొద్దు! బిల్లు మీద తేదీ వేస్తారు."

"సరే మేడమ్. మంచి సంచి ఉందేమో చూసి, అందులో పెట్టిస్తాను."

అతను మళ్ళీ లోపలికి నడిచాడు.

"హమ్మయ్య. గోకే పని కూడా తప్పింది. ఇప్పుడు విను. బ్రష్షులు ఎవరు కడుగుతారని రేపు అడుగుతారు. నువ్వని చెప్పు."

"అది నిజమేగా. రోజూ ఒట్టి నీళ్ళతోనైనా నేనే కడుగుతాను."

"అదే. ఆ రోజు మాత్రం మర్చిపోయానని చెప్పు."

"ఏంటి?"

"సీసా ఉంది, వదిన కడగమని చెప్పింది, నేనే మర్చిపోయాను. ఇంతే. మూడు ముక్కలు."

"సీసా నీకు. మతిమరుపు నాకు."

"చిన్నదానివి, నిన్నేమంటారే? మందలించి వదిలేస్తారు. నా మీదికొస్తే పార్లర్‌కి తాళం వేస్తారు. తాళం పడితే నువ్వేం తింటావు, నేనేం తింటాను? మీ అన్నయ్య సంగతి నీకు తెలియంది కాదు."

"ఆ తర్వాత నా చేత మొహానికి రంగు ఎవరు వేయించుకుంటారు?"

"కొన్నాళ్ళు వెనక గదిలో జుట్టు పని చూసుకో."

"ఎన్నాళ్ళు?"

"జనం మర్చిపోయేదాకా."

"ఆ పిల్ల ఎన్నాళ్ళకి మర్చిపోతుంది వదినా?"

"అబ్బబ్బ, ఆ పిల్ల, ఆ పిల్ల! నేనెవర్నే నీకు? అత్తయ్య పోయేనాటికి నీకు పదమూడేళ్ళు. రోజూ తల దువ్వి బడికి పంపిందెవరు? జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుందెవరు? ఈ పని నేర్పిందెవరు? నాకోసం ఒక్క మాట చెప్పలేవా?"

"నువ్వే. అన్నీ నువ్వే చేశావు. కాదన్నానా ఎప్పుడైనా? బ్రష్షు కడగడం కూడా నువ్వే నేర్పావు. నా చెయ్యి పట్టుకుని, కుచ్చు నా అరచేతిలో తిప్పి... నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆపొద్దు, రేపు ఇది ఇంకొకళ్ళ మొహానికి తగిలేది అన్నావు."

"ఏడవకు. ఆయనొచ్చేస్తాడు."

"ఏడవట్లేదు."

"అయితే చెప్తావుగా?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది, నీ మాటకి నా మాట. ఇవాళ నువ్వు లేచేసరికే బ్రష్షులన్నీ వేణ్ణీళ్ళలో నానబెట్టి కడిగి ఆరేశాను. ఎంత పిండినా రంగు దిగదు. ఇంక చూడ్డానికి వాళ్ళకేం మిగిలింది?"

"అన్నీ కడిగావా?"

"అన్నీ."

"కంటికి వాడే సన్నది కూడానా? ఆ రోజు వాడింది?"

"అది... కనబళ్ళేదు. పెట్టెలో ఏ మూలో పడి ఉంటుంది. ఎందుకు?"

"పెట్టెలో లేదు వదినా. ఆ రోజే తీసి విడిగా దాచాను. ఆ పిల్ల కంట్లో ఉన్నది ఏ క్రిమో తెలిస్తేనే మందు పడుతుందని డాక్టరమ్మ అంటే, పోయిన ఆదివారం ఆస్పత్రికి తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టొచ్చాను. కడగకుండా."